ఐదైదు మూడు పాట

చెంబులో నీళ్లు వణికాయి.

ఇనప పెట్టె మీద స్టీలు చెంబు. చెంబులో మెడదాకా నీళ్లు. పెట్టెకు ఆనించి బేస్ గిటారు. లావు తీగను బొటనవేలితో లాగి వదిలాను.

దుమ్...

నీళ్ల మీద ఒక వలయం పుట్టింది. అంచుదాకా పోయింది. అంచును తాకి మళ్లీ నడిమికి వచ్చింది.

అబ్బ!

చెవికి వినపడింది కొంచెమే. కరెంటు గిటారు అది, కరెంటు లేదు, స్పీకరు లేదు. కానీ పెట్టెకు వినపడింది. నీళ్లకు వినపడింది. గచ్చు మీద మడిచి కూర్చున్న నా మోకాళ్లకు వినపడింది.

మళ్లీ లాగాను. మళ్లీ వలయం.

మా జేజి బీజాన్, నాయన తల్లి, మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాను.

"ఎవురే అది, దూది ఏకుతాండేది?" అంది.

నాకు నవ్వాగలేదు. ఎంత నవ్వానంటే చెంబు ఒరిగి నీళ్లన్నీ పెట్టె మీద పోయాయి.

*

ఆళ్లగడ్డలో చప్పుళ్లకు కరువు లేదు. తెల్లారితే శిల్పుల వీధిలో ఉలి — టిక్, టిక్, టిక్. బస్టాండులో హారన్లు. మిట్ట మధ్యాహ్నం ఐసు బండి గంట. అన్నీ పైపై చప్పుళ్లే. సన్నవి, చురుక్కుమనేవి. నేల లోపలి నుంచి వచ్చినట్టుండే చప్పుడు మా ఊళ్లో ఒకటే ఉండేది.

గంగయ్య తాత పెద్ద బాకా.

మా నాయన సుభాన్ బ్యాండు మేళం పెద్ద. క్లారినెట్ ఆయనది. డ్రమ్ములు మా చిన్నాయన కొడుకు ఇర్షాదన్నవి. పెద్ద బాకా గంగయ్య తాతది — ఒంటికి చుట్టుకుని భుజాన మోసే ఇత్తడి బాకా. ఆయన దాన్ని ఊదితే పాట ఏదైనా సరే, ఊరేగింపులో ముసలివాళ్ల భుజాలు కూడా కదిలేవి.

తర్వాత గంగయ్య తాతకు ఆయాసం వచ్చింది. బాకా ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

మేళం తేలిపోయింది. జనం వెంట నడుస్తారు గానీ ఊగరు. పాటలు అవే, మనుషులు వాళ్లే. కింద ఏదో లేదు. నాయన ఇంటికొచ్చి టోపీ తీసి పెట్టి, "పునాది లేని మిద్దె మాదిరుండాది" అనేవాడు. అని అన్నం ముందు ఊరికే కూర్చునేవాడు.

మా మేళానికి ఒక పద్ధతి ఉంది. వాయింపు అయ్యాక ఒకటే చెంబు తిరుగుతుంది. నాయన ఎత్తి నోట్లో పోసుకుని పక్కకు ఇస్తాడు. మొదట పెద్ద బాకాకు — ఊపిరి ఎక్కువ పోసేది అతనే కాబట్టి. తర్వాత తక్కినవాళ్లకు. ఆ చెంబు వాయించినవాళ్లకే. పెండ్లికొడుకు తండ్రి దాహమన్నా వేరే గ్లాసులో పోసిస్తారు.

ఆ చెంబు తోమేది నేను. నింపేది నేను. చిన్నప్పటి నుంచి నేనే.

ఒక్క గుక్క తాగింది లేదు.

నాకు ఆ గుక్క కావాలి. గంగయ్య తాత తాగిన వరసలో, నాయన చేతి నుంచి తీసుకుని తాగాలి. ఎవరైనా నన్ను, ఏమే తహసీనూ, నీకేం కావాలే అని అడిగి ఉంటే ఇదే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు. కాలేజీకి పోయే ఆడపిల్లను ఉద్యోగం గురించి అడుగుతారు, పెండ్లి గురించి అడుగుతారు. చెంబు గురించి ఎవరు అడుగుతారు?

*

గిటారు నంద్యాల నుంచి వచ్చింది.

అక్కడ చర్చి పాటల బృందంలో నాయన స్నేహితుడు అబ్రహాము మామ చాలా ఏండ్లు దాన్ని వాయించాడు. ఆయన వేళ్లు వంగడం మానేశాయి. అదే ఏడు చర్చికి కొత్త కీబోర్డు వచ్చింది. దాంట్లో ఒక మీట నొక్కితే గిటారు, ఇంకో మీట నొక్కితే డ్రమ్ము, అన్నీ అదే పలుకుతుంది. మామ ఒకరోజు గిటారును దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని మా ఇంటికి తెచ్చాడు.

"సుభానూ, గంగన్న లేని చోట ఇది పనికొస్తాదేమో సూడప్పా. మూల పడుంటే నాకు చూడబుద్ధి కాలేదు."

నాయన చూశాడు. ఇర్షాదన్న చూశాడు. ఊదేవాళ్లూ కొట్టేవాళ్లూ తప్ప తీగ పట్టినవాడు మేళంలో లేడు. ఒకరి తర్వాత ఒకరు తీగను గోకి, నవ్వి, గోడకు మేకు కొట్టి తగిలించారు.

ఆ మేకు పక్క మేకుకు జేజినాయన విల్లు ఉంది. మేం దూదేకులవాళ్లం. జేజినాయన బతికున్నన్నాళ్లూ ఆ విల్లుతో పరుపుల దూది ఏకాడు. మనిషంత పొడుగు విల్లు. ఒకటే లావు తాడు. తాడును కొయ్యతో కొడితే దూది పొగలాగా పైకి లేస్తుందట. నేను పుట్టేసరికి తాడు కుళ్లిపోయింది. ఉత్త కొయ్య మిగిలింది.

తీగలున్న గిటారు, తాడు లేని విల్లు. పక్కపక్కన.

ఎన్నాళ్లు చూస్తూ ఊరుకుంటాను? దించాను.

*

నేర్పేవాళ్లెవరు?

అబ్రహాము మామ కూతురు ప్రసన్నకుమారి, నేను నంద్యాలలో డిగ్రీ ఒకే క్లాసు. నేను రోజూ సిరివెళ్ల మీదుగా బస్సులో పోయి వచ్చేదాన్ని. సంజీవనగర్ గేటు దగ్గర అప్పుడే ఒక నెట్ సెంటరు పెట్టారు. కాలేజీ వదలగానే ఇద్దరం అక్కడ చేరాం. రెండు వేల మూడు అది. ఫ్యాను గాలికి కర్టెన్లు ఎగిరేవి, పేజీ మాత్రం కదిలేది కాదు. సగం బొమ్మ వచ్చేసరికి ఒక సమోసా అయిపోయేది.

ప్రసన్న ఇంగ్లీషు నాకంటే మేలు. అది చదివేది, నేను వినేదాన్ని.

"బేస్ గిటారు కొత్తగా పట్టినోళ్లకు... పంక్ రాక్ పాటలు బాగుంటాయంట."

"పంక్ అంటే ఏందే?"

"ఎవురికి తెలుసు? పంక్చర్ షాపోళ్ల పాటలేమో." అది ఇంకా కిందికి చదివింది. చదివి నా వైపు తిరిగింది. "మే... ఈడ ఏం రాసినారో విను. సంగీతం నేర్చుకొని ఉండాల్సిన పని లేదంట. మూడు మెట్లు తెలిస్తే చాలంట. తప్పు పోయినా ఆపొద్దంట. గట్టిగా వాయించమంటాండారు."

తప్పు పోయినా ఆపొద్దు!

ఆ మాట నాకు ఎంత నచ్చిందో! ఊరేగింపులో మా మేళానికి ఉన్న నియమమూ అదే. జనం నడుస్తుంటారు, వెనక కారు వస్తుంటుంది. తప్పు పోయిందని ఆగితే వెనకవాళ్లు మీద పడతారు. ఏ దేశంవాళ్లో, ఏ భాషవాళ్లో... మావాళ్లే అనిపించింది.

ప్రింటు తీయించాం. ఆ ప్రింటరు కర్ర్ర్... కర్ర్ర్... అని అరిచేది. అంచులకు చిల్లులున్న పొడుగు కాగితం మడతలు మడతలుగా జారింది. దాని మీద నాలుగు గీతలు. గీతల మీద అంకెలు. దాన్ని ట్యాబ్ అంటారట. నాలుగు గీతలూ నాలుగు తీగలు. అంకె గిటారు మెడ మీద ఏ మెట్టు నొక్కాలో చెబుతుంది. సరిగమలు అక్కర్లేదు. ఐదు అని ఉంటే ఐదో మెట్టు. అంతే!

పాట పేరు చూశాం. నోరు తిరగలేదు. మొదటి అంకెలు ఐదు, ఐదు, ఐదు, మూడు.

"ఐదైదు మూడు పాట" అంది ప్రసన్న. అదే పేరు ఖాయమైంది.

ఒక్క సంగతి మాత్రం మిగిలిపోయింది. ఆ పాట ఎలా ఉంటుందో మాకు తెలియదు. ఆ సెంటర్లో కంప్యూటర్లకు స్పీకర్లు లేవు. ఉన్నా, పాట దిగడానికి పట్టే సమయంలో నేను ఆళ్లగడ్డ పోయి తిరిగి రావచ్చు.

విననే వినని పాట.

కాగితం మడిచి, లంచ్ బాక్సు పక్కన బ్యాగులో పెట్టుకుని బస్సెక్కాను. నంద్యాల దాటుతుంటే కిటికీలోంచి గాలి కొట్టింది. నా కుడి బొటనవేలు ముందు సీటు కమ్మీ మీద దానంతటదే కొట్టుకుంటోంది.

*

మొదట అంతా తలకిందులైంది.

గిటారు ఒళ్లో నిలబెట్టుకుంటే లావు తీగ పైన ఉంటుంది కదా. కాగితం మీద పై గీత లావు తీగే అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు! అంకెలన్నీ కింది గీతల మీద ఉన్నాయి. కింద ఉన్న సన్న తీగలు పట్టుకుని లాగాను. కీచు... కీచు.

"దోమలు చేరినాయి, పొగ పెట్టే" అంది జేజి.

వారం పైగా దోమలే. ఏడుపొచ్చింది. మూడు మెట్లు చాలన్నారే, ఎవరైనా వాయించొచ్చన్నారే, మరి నాకేం రోగం?

ఒక మధ్యాహ్నం విసుగొచ్చి గిటారును నా మంచం మీద వెల్లకిలా పడేశాను. పక్కనే కాగితం పడింది. నేను అంచున కూర్చుని ఊరికే చూస్తున్నాను. గిటారు మీద నా కడుపుకు దగ్గరగా లావు తీగ. కాగితం మీద నా కడుపుకు దగ్గరగా కింది గీత.

కాసేపు చూశాను.

ఓర్నీ!

కాగితం వెల్లకిలా పడుకున్న గిటారు బొమ్మ. కింది గీత లావు తీగ. లేచి మంచం చుట్టూ ఒక చుట్టు తిరిగాను. పెట్టెకు గిటారు ఆనించాను, చెంబు పెట్టాను, లావు తీగను లాగాను.

దుమ్... చెంబులో నీళ్లు వణికాయి. జేజి, ఎవురే దూది ఏకుతాండేది అంది. అది ఆ రోజే.

*

మెట్లు దొరికాయి. నడక దొరకలేదు.

ఏ మెట్టు నొక్కాలో కాగితం చెప్పింది. ఎంతసేపు ఉండాలో చెప్పలేదు. ఐదు తర్వాత ఐదు — వెంటనేనా? ఆగా? ఆగితే ఎంత? అంకెల మధ్య చిన్న చిన్న అడ్డగీతలున్నాయి. అవి ఏమీ చెప్పలేదు. నేను ఐదు, ఐదు, ఐదు, మూడు అని గోడకు మేకులు కొట్టినట్టు కొడుతూ పోయాను.

జేజి ఓపిక పట్టింది, పట్టింది, ఇక పట్టలేకపోయింది.

"ఊరికే అట్ల గుచ్చుతాండావేందే? ఊపుండాల ఊపు! ఇట్ల తే."

మంచం దిగి వచ్చి పెట్టె పక్కన కూలబడింది. పిడికిలి ముడిచి పెట్టె మూత మీద కొట్టింది.

దుమ్... దుమ్‌దుమ్. దుమ్... దుమ్‌దుమ్.

ఒకటి బరువు. రెండు తేలిక.

"మీ జేజినాయన ఇట్లనే ఏకుతాండె. ఒక దెబ్బకు దూది లేస్తాది. రెండు దెబ్బలకు విడిపోతాది. మీ నాయన్ని ఆ విల్లు కిందనే పండుకోబెడుతాంటి. ఆ చప్పుడు ఆగితే లేసి ఏడుస్తాండె, సచ్చినోడు."

ఐదు... ఐదైదు. మూడు... మూడుమూడు.

వేళ్లు పట్టుకున్నాయి. జేజి పిడికిలి, నా బొటనవేలు, చెంబులో నీళ్లు. బయట శిల్పుల ఉలి టిక్ టిక్‌మంటూ దానికి తోడైంది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఎండ కూడా చల్లగా ఉన్నట్టనిపించింది నాకు. సంతోషంగా ఉందని ఎవరికైనా చెప్పాలనిపించింది. వీధిలోకి పోయి ఐసు బండి అతనికి చెప్పాను. "మంచిదే పాపా" అన్నాడు.

ఆ తర్వాత ఎన్నో కాగితాలు తెచ్చాను. సున్నా మూడు పాట. ఏడేడు పాట. ఎక్కడో నాలుగు మెట్లు ఎగిరి దూకే కోతి పాట. ఏ ఒక్కటీ వినలేదు. అన్నిటికీ జేజి పిడికిలే నడక. అయినా మనసు ఐదైదు మూడు మీదే. అన్నీ వాయించి చివరికి దాని దగ్గరికే వచ్చేదాన్ని.

నాయన ఇంట్లో ఉంటే మాత్రం వాయించేదాన్ని కాదు. భయం కాదు. ఆయన చెవులంటే గౌరవం.

*

ఆఖరికి అడిగేశాను.

"నాయనా, గంగయ్య తాత చోటులో నేనొస్తా. గిటారు వాయిస్తా."

నాయన క్లారినెట్ తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఏం పాట?"

"ఇంగ్లీషు పాట."

"విన్న్యావా?"

"లేదు."

"మళ్ల?"

కాగితం చూపించాను. ఆయన ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు.

"ఇది పాటా? చీమలు బారు కట్టినట్టుండాది."

"అంకెలు నాయనా. ఏ మెట్టు నొక్కాలో..."

"పాపా." గొంతు మెత్తగానే ఉంది. "ఆడపిల్లవని కాదు నేననేది. మేళంలో ఎవుడైనా ఒకసారి వింటాడు, రెండోసారి వాయిస్తాడు. కాగితం యాడా లేదు. విననిదాన్ని వాయించేది యాడన్నా ఉందా? చెవులకు పని లేకుంటే అది వాయింపు ఎట్లయితాది?"

కాగితం తీసుకుని వచ్చేశాను.

నాయన జన్మలో కాగితం చూసి వాయించలేదు. నేను జన్మలో పాట విని వాయించలేదు. మా ఇద్దరి మధ్య ఒక గోడ, గోడకు రెండు మేకులు.

కోపం వచ్చింది. రెండు రోజులు చెంబు తోమలేదు. మూడో రోజు నేనే తోమాను, ఎవరి చెంబు అది?

*

డిగ్రీ అయిన ఎండాకాలంలో ప్రసన్న పెండ్లి కుదిరింది. నంద్యాలలోనే. మేళం మాది.

అబ్రహాము మామ మాట్లాడటానికి వచ్చి, అన్నీ మాట్లాడి, లేచి చెప్పులేసుకుని ఆగాడు.

"సుభానూ, ఒక్కటే కోరిక. నా బిడ్డ ఊరేగింపులో నా గిటారు మోగల్ల. పాప వాయిస్తాదంట కదా, ప్రసన్న చెప్పింది."

నాయన నా వైపు చూశాడు. నేను తలుపు వెనక ఉన్నాను. ఉన్నానని ఆయనకు తెలుసు.

"ఒక్క పాట" అన్నాడు. "నడుస్తా వాయించాల. నిలబడితే మేళం చెడుతాది. చెడిందంటే మళ్ల ఆ మాట నా కాడ ఎత్తొద్దు."

ఒక్క పాట. అంతే నాకున్నది. నిలబడితే పోయింది.

పెండ్లికి ముందు, పసుపు చేతులతో ఉన్న ప్రసన్న నన్ను బలవంతంగా నెట్ సెంటరుకు లాక్కుపోయింది. "మీ నాయన వినల్ల అంటాడు కదా. పా, విందాం." ఆ సెంటర్లో కొత్త లైను వచ్చింది. స్పీకర్లు వచ్చాయి. ఐదైదు మూడు పాట దొరికింది.

నొక్కింది.

నేను చెప్పలేను. పెనం మీద ఆవాలు ఒక్కసారి పేలినట్టు! ఎవడో అరుస్తున్నాడు. డ్రమ్ములు పరుగు. బేస్ గిటారుకు ఆగడమూ లేదు, బరువూ లేదు, తేలికా లేదు — గడగడగడగడ అని ఐదుల వాన. మేం తేరుకునేలోపల పాట అయిపోయింది.

ప్రసన్న నన్ను చూసింది. నేను ప్రసన్నను చూశాను.

ఇద్దరం పడీపడీ నవ్వాం. కళ్లల్లో నీళ్లొచ్చాయి. సెంటరతను వచ్చి చూసి పోయాడు.

"ఇన్నాళ్లు ఏం వాయిస్తాండావే నువ్వు?" అంది అది, కడుపు పట్టుకుని.

నవ్వు బస్సెక్కేదాకే. సిరివెళ్ల దాటాక భయం పట్టుకుంది. నాయన మేళమంతా విన్నది విన్నట్టు వాయించేవాళ్లు. ఇప్పుడు నేనూ విన్నాను. విన్నది వాయించాలి కదా? నేను నేర్చుకుంది తప్పు కదా?

మిగిలిన రోజులన్నీ గడగడ సాధన చేశాను. వేళ్లు బొబ్బలెక్కాయి. జేజి పెట్టె దగ్గరికి రాలేదు. మంచం మీదినుంచే చూసింది.

"ఏమైందే దూదికి?" అంది ఒక్కసారి.

నేను బొబ్బల మీద గుడ్డ చుట్టుకుని మళ్లీ గడగడ మొదలుపెట్టాను.

*

నంద్యాలలో సాయంత్రం. చర్చి గంట ఆగింది. పూల కారులో ప్రసన్న, పక్కన పెండ్లికొడుకు. ముందు మేళం. మేళం నడుమ మా తోపుడు బండి — బండి మీద బ్యాటరీ, స్పీకరు డబ్బా. డబ్బా మీద చెంబు. చెంబు పక్కన, నేనూ వస్తానని మొండికేసి ఆళ్లగడ్డ నుంచి వచ్చిన మా జేజి. బాకా లేకుండా ఉత్త చేతులతో, మేళం బట్టలేసుకుని గంగయ్య తాత. అబ్రహాము మామ కొత్త చొక్కా వేసుకొచ్చి, గిటారు పట్టీ నా భుజాన తనే తగిలించాడు.

నాయన తల ఊపాడు.

మొదలుపెట్టాను. గడగడగడగడ —

స్పీకరులోంచి వచ్చిన ఆ చప్పుడుకు నేనే అదిరిపోయాను! ఇర్షాదన్న డ్రమ్ములు వెంటపడ్డాయి. బాగానే ఉంది... ఉంది... జనం కాళ్లు తడబడ్డాయి. నడవాలా, పరుగెత్తాలా? ఒకాయన చెప్పు ఊడింది. గంగయ్య తాత రొప్పుతూ పక్కకు తప్పుకున్నాడు. నాయన క్లారినెట్ ఎక్కడ దూరాలో తెలియక గాల్లో ఉండిపోయింది.

చెమట. వేలు జారింది. మెట్టు తప్పింది.

నా కాలు ఆగబోయింది.

నిలబడితే పోయింది.

తప్పు పోయినా ఆపొద్దు... తప్పు పోయినా ఆపొద్దు...

నేను ఆపలేదు. నేనేమీ చేయలేదు కూడా. బొటనవేలే చేసింది.

దుమ్... దుమ్‌దుమ్.

ఐదు... ఐదైదు.

ఒకటి బరువు. రెండు తేలిక. బండి మీద జేజి ఎగిరి పడింది. "ఆఁ! అట్ల!" అని పిడికిలితో బండి చెక్క మీద అందుకుంది. ఇర్షాదన్న పుల్లలు అర క్షణం ఆగి అందులో దూకాయి. చెప్పు ఊడినాయన రెండో చెప్పూ వదిలేసి ఊగడం మొదలుపెట్టాడు. ముసలమ్మల భుజాలు కదిలాయి. కారులో ప్రసన్న ముసుగు వెనక్కి తోసి, అద్దంలోంచి చెయ్యి బయటపెట్టి కారు తలుపు మీద దరువు. పెండ్లికూతురన్న జ్ఞానం లేదు దానికి!

మూడు... మూడుమూడు.

నేల కదులుతోంది. సంజీవనగర్ రోడ్డంతా కదులుతోంది. నేను నడుస్తున్నాను.

నాయన వెనక్కి తిరిగాడు.

జనానికి వీపు పెట్టి, నా వైపు ముఖం పెట్టి వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. నా బొటనవేలు చూస్తున్నాడు. ముఖంలో కోపం లేదు. నిద్రలోంచి లేపితే చిన్నపిల్లలు చూస్తారే, ఆ చూపు.

"ఏ పాట ఇది?" అని అరిచాడు, చప్పుడు మీదుగా.

"కాగితంలోదే నాయనా!"

తల అడ్డంగా ఊపాడు. కాదు అన్నాడు. పెదవులు ఇంకేదో అన్నాయి. వినపడలేదు. "మా నాయన" అన్నట్టుంది. "మా నాయన విల్లు" అన్నట్టుంది.

కళ్లు మూసుకున్నాడు. నడుస్తూనే క్లారినెట్ ఎత్తాడు. ఊదాడు.

ఆ వరస నేను ఎన్నడూ వినలేదు. ఇర్షాదన్న వినలేదు. నాయన అంతకుముందు వినలేదు, ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది. ఎక్కడెక్కడికో పోతోంది, తప్పు పోతోంది, ఆగకుండా ఇంకో దారిన వస్తోంది. కింద నా ఐదైదు మూడు. పైన ఆయన, విననిదాన్ని వాయిస్తూ.

నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. చేతులు ఖాళీ లేవు, ముక్కు తుడుచుకోవడానికి కూడా.

*

ఇల్లు వచ్చింది. పాట ఆగింది. జనం ఇంకా ఊగుతూనే ఉన్నారు, తెలియక.

నాయన బండి దగ్గరికి వచ్చి చెంబు తీసుకున్నాడు. ఎత్తి పోసుకున్నాడు. గొంతు కదిలింది. మూతి తుడుచుకున్నాడు. అలవాటు కొద్దీ చెంబు పట్టుకున్న చెయ్యి గంగయ్య తాత వైపు పోయింది.

గంగయ్య తాత ఉత్త చేతులు రెండూ చూపించాడు.

"నేను ఊదలేదప్పా ఈ పొద్దు."

చెయ్యి అక్కడే ఆగింది. గంగయ్య తాతకూ నాకూ మధ్యలో. ఇర్షాదన్న పుల్లలు చంకలో పెట్టుకుని చూస్తున్నాడు. అబ్రహాము మామ చూస్తున్నాడు. జేజి మాత్రం ఎటో చూస్తూ చీర కొంగుతో విసురుకుంటోంది.

నాయన నా వైపు తిరిగాడు. రా అనలేదు. తాగు అనలేదు. చెంబు ముందుకు చాచాడు.

నేను పట్టుకున్నాను. ఆయన వదల్లేదు.

ఇద్దరి చేతులూ చెంబు మీద. చెంబులో అడుగున కొన్ని నీళ్లు. పాట ఆగిపోయింది. నడిమి నుంచి ఒక వలయం పుట్టి, అంచును తాకి, మళ్లీ నడిమికి వస్తోంది.

నీళ్లు వణుకుతున్నాయి.

ఆ వణుకు ఆయన చేతిదో, నా చేతిదో...